ఉప్పు చేసే పని పొగ చెయ్యదు

పిన్ని ఫ్రిజ్ తలుపు తీసి, లోపలికి చూసి, గబుక్కున వేసేసింది.

“ఒరేయ్, దాని మీద ఒక గిన్నైనా బోర్లించలేదేంట్రా? పాలూ పెరుగూ ఉన్నచోట అలా దిసమొలతో పడుకోబెట్టావు!”

“మూత పెట్టకూడదమ్మా. తోలు ఆరాలి.”

“ఆరడానికి అదేమన్నా గుమ్మడి వడియమా?”

నవంబరు నాలుగో వారం, బుధవారం. డాలస్‌కి ఉత్తరాన మా తమ్ముడి ఇల్లు. తమ్ముడంటే బాబాయి కొడుకు. పిన్ని భీమవరం నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చింది. ఫ్రిజ్ అడుగు అరలో, పెద్ద పళ్లెంలో, పద్నాలుగు పౌన్ల టర్కీ వెల్లకిలా పడుకుని ఉంది. మన లెక్కలో ఆరు కిలోల పైమాట. పాలడబ్బాలకి ఏ తడీ తగలకుండా తమ్ముడు వాటిని ముందే పై అరల్లో సర్దేశాడు. మర్నాడు థ్యాంక్స్‌గివింగ్. మధ్యాహ్నానికి ఇరవై మంది భోజనానికి వస్తున్నారు.

అమెరికాలో ఈ పండగని నిలబెట్టింది ఒక పత్రికా సంపాదకురాలి పట్టుదల. సారా జోసెఫా హేల్ అనే ఆవిడ ఏళ్ల తరబడి అధ్యక్షులకీ గవర్నర్లకీ ఉత్తరాలు రాసింది. చివరికి 1863లో, అంతర్యుద్ధం మధ్యలో, అబ్రహాం లింకన్ నవంబరు ఆఖరి గురువారాన్ని దేశమంతా జరుపుకోవాలని ప్రకటించాడు. నాలుగో గురువారం అని చట్టం ఖాయం చేసింది 1941లో. అన్నిటికీ మూలమని చెప్పుకునే 1621 నాటి ప్లిమత్ విందు గురించి ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఉత్తరంలో వేటాడి తెచ్చిన పక్షులున్నాయి, అయిదు జింకలున్నాయి, టర్కీ అన్న మాట మాత్రం లేదు. ఇప్పుడైతే అది లేకుండా బల్ల వెయ్యరు. శుక్రవారం కూడా కలిపేసుకుంటే నాలుగు రోజులు సెలవు కాబట్టి తెలుగిళ్లలో చుట్టాలు దిగేది కూడా అప్పుడే.

ఇంతకీ ఈ పక్షికి పేరు సరిగ్గా పెట్టినవాళ్లు లేరు. పుట్టిల్లు మెక్సికో వైపు. స్పెయిన్ వాళ్లు పదహారో శతాబ్దం మొదట్లో యూరప్‌కి పట్టుకెళ్లారు. ఇంగ్లీషువాళ్లు తురుష్క వర్తకుల సరుకనుకుని టర్కీ అన్నారు. ఆ టర్కీవాళ్లేమో దీన్ని ‘హిందీ’ అంటారు, మన దేశపు పక్షి అనుకుని. ఫ్రెంచివాళ్లదీ అదే పొరపాటు. పోర్చుగీసువాళ్లు పెరూ దేశం పేరు తగిలించారు. మన పాదుషా జహంగీర్‌కి ఇది అందింది 1612లో, గోవా నుంచి. ముకర్రబ్ ఖాన్ తెచ్చిన వింతల్లో ఇదొకటి. ఆడనెమలి కన్నా పెద్దది, మగనెమలి కన్నా చిన్నది, మెడ మీద రంగు ఊసరవెల్లిలా మార్చేస్తోందని ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మన్సూర్ చేత బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

పెరుగు చేసిన ద్రోహం

టర్కీ వండిన మొదటి ఏడాది తమ్ముడు చేసిన పని మనలో ఎవరైనా చేసేదే. కోడే కదా, కాస్త ఒళ్లు చేసిన కోడి అనుకున్నాడు. డబ్బాడు పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, గుప్పెడు కారం, గరం మసాలా, నిమ్మరసం కలిపి రెండు రాత్రులు నానబెట్టాడు. స్మోకర్ అనే పొగపొయ్యి మీద సన్న సెగన ఆరేడు గంటలు ఉంచాడు. తీసి చూస్తే పైన మసాలా మాడి నల్లటి పెచ్చులు కట్టింది. దాని కింద తోలు రబ్బరు చెప్పులా సాగుతోంది. ఇంకా లోపల, అరచెయ్యి మందాన ఉన్న బ్రెస్ట్ ముక్క దూది పింజెలా పొడిపొడిగా, చప్పగా ఉంది. వచ్చినవాళ్లు పెద్దమనుషులు. బావుంది బావుంది అంటూనే పప్పూ ఆవకాయతో గట్టెక్కారు.

తప్పు మసాలాది కాదు. మన కోడికూరలో ముక్కలు కొడతాం. ప్రతి ముక్కకీ నాలుగు వైపులా ఉప్పూ కారం తగులుతాయి, పైగా ఉడికేది ఆ గ్రేవీలోనే. ఆరు కిలోల పక్షిని నిండుగా వండితే ఆ లెక్క చెల్లదు. వెల్లుల్లి, ధనియాలు, మిరపకాయ, ఎంత నూరి పట్టించినా, ఎన్ని రాత్రులు ఉంచినా, పైపొరని దాటి పెద్దగా లోపలికి పోవు. కండ లోతుకి నడిచి వెళ్లేది ఉప్పు ఒక్కటే. దానికి కావలసింది టైము.

ఈ సంగతి పిన్నికి చెప్పడానికి తమ్ముడు మంచి దారి వెతుక్కున్నాడు.

“మాగాయ ఎలా పెడతావమ్మా?”

“అదేం ప్రశ్నరా! ముక్కలకి ఉప్పు పట్టిస్తాం. ఊట దిగుతుంది. ముక్కలు పిండి ఎండలో పెడతాం. మళ్లీ ఆ ఊటలోనే పడేస్తాం, పీల్చుకుంటాయి.”

“ఇదీ అంతే. ఊట దిగడం, ఊట పీల్చడం. ఎండ బదులు ఫ్రిజ్.”

పిన్ని మాట్లాడలేదు. ఒప్పుకోలేదు కానీ వినడం మొదలుపెట్టిందని నాకు అర్థమైంది.

ఉప్పు చల్లిన కాసేపటికి తోలు మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు వస్తాయి. ఆ నీట్లో ఉప్పు కరిగి చిక్కటి ఊటవుతుంది. కొన్ని గంటలకి ఆ ఊట వచ్చిన దారినే వెనక్కి పోతుంది. లోపల కండలో మయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. వేడి తగిలితే అది బిగుసుకుపోయి, తడిగుడ్డని పిండినట్టు నీళ్లని బయటికి గెంటేస్తుంది. ఉప్పు ముందే చేరితే ఆ ప్రోటీన్ కొంత కరిగి మెత్తబడుతుంది, ఉడికేటప్పుడు అంతగా పిండదు. రుచికని వేసే ఉప్పే రసాన్ని కూడా లోపల ఆపుతుందన్నమాట.

అమెరికాలో చాలాకాలం దీన్ని బకెట్లలో చేశారు. గ్యాలను నీళ్లకి ఒక కప్పు ఉప్పు కలిపి పక్షిని ముంచేవాళ్లు. ముక్క మెత్తగానే వస్తుంది కానీ మాంసం రుచి పలచబడుతుంది, తోలు తడిసి ముద్దవుతుంది, అంత బకెట్ పట్టే ఫ్రిజ్ ఎవరింట్లోనూ ఉండదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జూనీ కఫే నడిపిన జూడీ రోజర్స్ కోళ్లకి రెండు మూడు రోజుల ముందే పొడి ఉప్పు రాసి ఉంచేది. 2006లో లాస్ ఏంజెలస్ టైమ్స్‌లో రస్ పార్సన్స్ అదే పద్ధతి టర్కీకి పెట్టి చూసి రాశాడు. అక్కణ్ణుంచి బకెట్లు మూలపడటం మొదలైంది. ఆయన చెప్పిన కొలత అయిదు పౌన్లకి ఒక టేబుల్ స్పూను. మా పద్నాలుగు పౌన్ల దానికి మూడు స్పూన్లకి కాస్త తక్కువ.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఆ స్పూను కోషర్ ఉప్పుది. అది పలుకులు పలుకులుగా, గుల్లగా ఉంటుంది. మన వంటింటి మెత్తుప్పు అదే స్పూనుతో కొలిస్తే బరువు రెట్టింపు దాకా తూగుతుంది. కళ్లుప్పుకీ మెత్తుప్పుకీ తేడా తెలిసిన పిన్ని ఈ ఒక్క ముక్క మాత్రం వెంటనే ఒప్పేసుకుంది. మెత్తుప్పే వాడితే సగమే వెయ్యాలి. మరొకటి కూడా చూడాలి. గడ్డకట్టించి అమ్మే చాలా టర్కీలకి కంపెనీలో ముందే ఉప్పునీళ్లు సూదితో ఎక్కిస్తారు. 8 శాతం దాకా ద్రావణం కలిపామని సంచి మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటిదానికి మళ్లీ మూడు స్పూన్లు రాస్తే ఉప్పుచేపే. తమ్ముడు కళ్లజోడు పెట్టుకుని ఆ అక్షరాలు చదివాకే డబ్బు కడతాడు.

శనివారం నుంచి గురువారం దాకా

పని మొదలయ్యేది శనివారమే. రాయిలా గడ్డకట్టిన పక్షిని ఫ్రిజ్ కింద అరలోకి మార్చాలి. నాలుగైదు పౌన్లకి ఒక రోజు చొప్పున లెక్క వేసుకోమంటుంది అక్కడి వ్యవసాయశాఖ. అంటే పద్నాలుగు పౌన్లకి మూడు రోజులు. బుధవారం రాత్రి గుర్తొచ్చినవాళ్లకి చన్నీళ్ల తొట్టి ఒక్కటే గతి. పౌనుకి అరగంట, ప్రతి అరగంటకీ నీళ్లు మార్చాలి, పద్నాలుగు పౌన్లకి ఏడు గంటల జాగారం. గట్టు మీద ఊరికే వదిలేస్తే మాత్రం పైన మెత్తబడి లోపల గడ్డగా ఉండే ఆ గంటల్లోనే క్రిములు పిల్లల్ని పెడతాయి.

మంగళవారం సాయంత్రం సంచి కోశారు. పొట్టలో మెడ ఉంటుంది, ఒక కాగితం సంచీలో కార్జం, కందనకాయ ఉంటాయి. కొత్తగా వండేవాళ్లు ఆ సంచీ తియ్యకుండానే పొయ్యెక్కించి, కోసేటప్పుడు అందరి ముందూ బయటికి లాగడం అమెరికాలో ప్రతి ఇంటికీ ఉన్న కథ. పిన్ని కందనకాయ చూడగానే దాన్ని తన వేపుడికి పక్కన పెట్టేసుకుంది.

తర్వాత పెద్ద గొడవ. పిన్ని పసుపూ ఉప్పూ నిమ్మకాయా తెచ్చి సింకు దగ్గర నిలబడింది. కడగని మాంసం ఆవిడ యాభై ఏళ్ల కాపురంలో పొయ్యి ఎక్కలేదు. తమ్ముడు అడ్డం నిలబడ్డాడు. కడిగితే క్రిములు పోవు, సింకు మీదా గట్టు మీదా పక్కనున్న కూరగాయల మీదా చిందుతాయని అక్కడి ఆహార భద్రతవాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. వాటిని చంపేది వేడి మాత్రమే. మధ్యేమార్గంగా కాగితపు తువ్వాళ్లతో లోపలా బయటా అద్ది అద్ది తుడిచారు, ఒక చుట్ట మొత్తం అయిపోయింది. ఆవిడ ప్రాణం కుదుటపడటానికి చిటికెడు పసుపు ఉప్పులో కలిపారు. దానివల్ల నష్టం లేదు, రంగు కూడా వస్తుంది.

ఉప్పు చల్లడం పైనుంచి, జానెడు ఎత్తున, ముగ్గు వేసినట్టు. బ్రెస్ట్ మీద ఎక్కువ, తొడల మీద కొంచెం తక్కువ, రెక్కల మీద నామమాత్రం, పొట్ట లోపల ఒక చిటికెడు. చెయ్యి తోలు కిందకి మెల్లగా దూర్చి అక్కడ కూడా కొంత. తోలు చిరగకూడదు, అందుకే ఉంగరాలు తీసెయ్యాలి. ఆ తర్వాత మూత లేకుండా ఫ్రిజ్‌లోకి. రెండు రాత్రులు గడిచేసరికి తోలు పలచబడి, బిగిసి, దాదాపు కాగితంలా అవుతుంది. తడి ఉన్నంతసేపూ తోలు ఆవిరికి ఉడుకుతుందే తప్ప వేగదు. పెరుగు ఎందుకు ద్రోహం చేసిందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది.

మసాలా వంతు గురువారం పొద్దున. ఇప్పటికి లోపలి పని ఉప్పు పూర్తి చేసింది కాబట్టి మసాలా పైన ఉంటే చాలు. టెక్సస్‌లో చాలామంది కచ్చాపచ్చాగా దంచిన మిరియాలతో సరిపెడతారు. లూసియానా వైపు కరిగించిన వెన్నలో కారం కలిపి, పశువుల డాక్టరు సూది లాంటి లావుపాటి సూదితో కండలోకి పొడుస్తారు. తమ్ముడిది మధ్యరకం. మిరియాలు, వేయించిన ధనియాలు, వెల్లుల్లి పొడి, రంగు కోసం కాశ్మీరీ కారం కలిపి పెట్టుకుంటాడు, పంచదార వెయ్యడు. సెగ ఎక్కువ పెడతాం కాబట్టి పంచదార మాడి చేదెక్కుతుందని. పైన పలచగా నూనె రాసి ఈ పొడి అద్దుతాడు. తోలు కింద వెన్న పెడతాడు, దాంట్లో సన్నగా తరిగిన కరివేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి. ఉప్పు మళ్లీ వెయ్యడు. ఆ కరివేపాకు వెన్న చాలు, నా మట్టుకి నాకు మిగతా టర్కీ లేకపోయినా ఫరవాలేదు.

పొట్టలో రొట్టె ముక్కలూ అవీ కూరకూడదు. పొగపొయ్యి వేడి అంత లోపలికి చేరేసరికి ఆలస్యమై అవి పాడవుతాయి. సగం ఉల్లిపాయ, సగం నిమ్మకాయ చాలు. కాళ్లు బిగించి కట్టెయ్యడం బొమ్మకి బాగుంటుంది కానీ తొడలకి సెగ తగలదు, వదులుగా వదిలెయ్యాలి. వెన్నెముక కత్తిరించి పుస్తకంలా విప్పి పరిస్తే ఇంకా త్వరగా, సమంగా ఉడుకుతుంది. కానీ తమ్ముడి పొయ్యి 18 అంగుళాలది, అంత పుస్తకం పట్టదు.

నివురు కప్పిన నిప్పు

పొయ్యి పెరట్లో ఉంది. నిలబెట్టిన తూటాలా నల్లగా, నడుమెత్తు. అడుగున బొగ్గులు, మధ్యలో నీళ్ల పళ్లెం, పైన రెండు కమ్మీల జాలీలు, ఆ పైన గుమ్మటం లాంటి మూత. ఈ తరహా మూతపొయ్యిల వెనక ఒక ముచ్చట ఉంది. షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే లోహాల కార్ఖానాలో జార్జ్ స్టీఫెన్ పనిచేసేవాడు. అక్కడ పడవలకి దారి చూపే లోహపు తేలుగుండ్లు తయారయ్యేవి. 1952లో ఆయన ఆ గుండుని రెండుగా కోసి, కింద సగానికి కాళ్లు, పై సగానికి పిడి పెట్టాడు. మాంసం కాల్చుకునేటప్పుడు గాలి, వాన ఇబ్బంది పెట్టకుండా. అదే కంపెనీ ఈ తూటా ఆకారాన్ని 1981లో తెచ్చింది.

బొగ్గులకి లైటర్ ద్రవం పోయకూడదు. కిరసనాయిలు కంపు మాంసానికి పడుతుంది. చిమ్నీ అని రేకు గొట్టం ఉంటుంది. అడుగున పాత పేపరు, పైన బొగ్గులు. ఇరవై నిమిషాల్లో పై బొగ్గుల అంచుల మీద బూడిద రంగు పొర వస్తుంది. దానికి ఇంగ్లీషులో పెద్ద వర్ణన కావాలి, మనకి నివురు అంటే సరిపోతుంది. ఆ నిప్పుల్ని వెలగని బొగ్గుల కుప్ప మీద పోస్తే, పైనుంచి కిందకి ఒక్కొక్కటే అంటుకుంటూ గంటల తరబడి సెగ నిలుస్తుంది. జిమ్ మినియన్ అనే ఆయన పేరు మీద దీన్ని మినియన్ పద్ధతి అంటారు.

సెగ ఎంత అన్నదాంట్లో తమ్ముడి రెండో పాఠం ఉంది. పొగపొయ్యి అనగానే 225 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర రోజంతా ఉంచాలనుకుంటారు. ఎద్దు మాంసంలో గట్టి పీచు కరగడానికి ఆ ఓపిక పనికొస్తుంది. టర్కీ బ్రెస్ట్‌లో కరగాల్సిన పీచు పెద్దగా లేదు, నిదానం వల్ల దక్కేది రబ్బరు తోలే. అందుకని 300 నుంచి 325 మధ్య, అంటే 150 నుంచి 163 సెల్సియస్ దాకా పట్టుకుంటాడు. నీళ్ల పళ్లెంలో నీళ్లు పోయకుండా రేకు కాగితం చుట్టి వదిలేస్తాడు, నీళ్లుంటే సెగంతా అవే తాగేస్తాయి. కింది జాలీ మీద ఒక ట్రేలో ఉల్లిపాయలూ మెడా గ్లాసుడు నీళ్లూ. పైనుంచి కారేదంతా అందులో పడి గ్రేవీ అవుతుంది. ఆ పూట ఉత్తరపు గాలి కొట్టి సెగ రెండుసార్లు పడిపోయింది. కింది కంతలు పూర్తిగా తెరిచి, గాలికి అడ్డంగా పిల్లల టేబుల్ టెన్నిస్ బల్ల నిలబెట్టాడు.

పొగకి రెండు ఆపిల్ కట్టె ముక్కలు, పిడికిలంతవి, చాలన్నాడు. కోడిజాతికి పొగ తొందరగా పడుతుంది. మొదట్లో వచ్చే తెల్లటి దట్టమైన పొగలో పక్షిని పెడితే ముక్క చేదెక్కుతుంది. అది తగ్గి, ఉందా లేదా అన్నట్టు నీలంగా, సన్నగా మారాకే పెట్టాలి. చెక్కలో ఉండే లిగ్నిన్ కాలినప్పుడు పుట్టే గ్వాయకాల్ లాంటివే ఆ కమ్మటి వాసన. టెక్సస్‌లో ఊరూరా దొరికే మెస్కీట్ కట్టె ఎందుకు వాడలేదని అడిగాను. అది ఘాటు, టర్కీని మింగేస్తుందట. మెస్కీట్ మరేదో కాదు, మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో బొగ్గు కాల్చే సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. ఆ మాట చెబితే తమ్ముడు, “కావలి పక్కన పుట్టుంటే బొగ్గు ఫ్రీ అన్నమాట” అని పొయ్యి వైపు దిగులుగా చూశాడు.

మూత మాటిమాటికీ ఎత్తకూడదు. ఎత్తినప్పుడల్లా సెగ పోతుంది. దాదాపు మూడుంపావు గంటలు పట్టింది, కానీ గడియారాన్ని నమ్మితే మోసపోతాం. థర్మామీటర్ సూది బ్రెస్ట్ మందంలోనూ, తొడ లోపలి వైపు ఎముకకి తగలకుండానూ గుచ్చాలి. 165 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 74 సెల్సియస్, ప్రభుత్వం చెప్పే గీత. తొడ 175 దాకా పోతే ఇంకా మెత్తగా ఉంటుంది. కొన్ని టర్కీలకి ముందే గుచ్చి పెట్టే ప్లాస్టిక్ బొత్తాం పైకి లేచేసరికి బ్రెస్ట్ ఎండిపోయి ఉంటుంది. దాన్ని పీకి పారెయ్యడం మేలు. దించాక అరగంట ఊరుకోవాలి. రేకు కాగితం బిగించి కప్పితే ఆవిరికి తోలు మళ్లీ మెత్తబడుతుంది. ఈ అరగంట అందరికన్నా కష్టం పిల్లలకి.

కోసేటప్పుడు బల్ల చుట్టూ మూగారు. తోలు కత్తి కింద చిట్లింది. తోలు కిందనే కండ గులాబీ రంగులో మెరిసింది.

“ఎర్రగా ఉందిరా. ఉడకలేదు,” అంది పిన్ని, పళ్లెం వెనక్కి జరుపుతూ.

పొగలోని వాయువులు కండలో ఉండే మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగు వస్తుంది. పొగపెట్టిన టర్కీ పూర్తిగా ఉడికాక కూడా అలాగే ఉంటుంది. తమ్ముడు ఇదంతా చెప్పబోయి మానేసి, థర్మామీటర్ గుచ్చి అంకె చూపించాడు. పిన్నికి అంకెల మీద నమ్మకం లేదు. బ్రెస్ట్ నడిబొడ్డు నుంచి, మసాలా అసలు తగలని చోటు నుంచి, బియ్యపు గింజంత తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకొంచెం పెద్ద ముక్క తీసుకుంది.

“ఉప్పు సరిపోయింది,” అంది.

ఆవిడ నోట ఆ మాట విన్నవాళ్లు మా వంశంలో తక్కువ.

శుక్రవారం పొద్దున నేను లేచేసరికి ఎముకల గూడు మొత్తం పెద్ద గిన్నెలో ఉడుకుతోంది. పిన్ని రోట్లో మిరియాలు, జీలకర్ర దంచుతోంది. చారులోంచి ఆపిల్ కట్టె వాసన వస్తోంది.

“పొగచూరిన వాసన వేస్తోందే,” అన్నాను.

“మిరియాలు ఎక్కువ వేశాలే. నువ్వెళ్లి ఉప్పు చూడు.”